నాన్నగారి జిప్సీ, పిల్లల సొమ్ము

ఈసీఐఎల్ ప్రాంతం నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు ముప్పై తొమ్మిది. మందుల కంపెనీలో ఉద్యోగం. భార్య, ఎనిమిదో తరగతి చదివే కూతురు, తల్లి ఆయనతోనే ఉంటారు. అక్క కరీంనగర్‌లో ఉంటారు. తండ్రి రెండేళ్ల క్రితం క్యాన్సర్‌తో పోయారు. 2008లో ఆయన ముచ్చటపడి కొనుక్కున్న మారుతి జిప్సీ ఇప్పటికీ ఇంటి ముందే ఉంది. మంచం పట్టకముందే ఆయన దాని రిజిస్ట్రేషన్‌ను మరో ఐదేళ్లకు పొడిగించుకున్నారు. ఆర్‌సీ, బీమా ఇంకా ఆయన పేరు మీదే నడుస్తున్నాయి.

ఈ పాఠకుడు, ఆయన కాలేజీ స్నేహితుడు కలిసి ఒక సేవాయాత్రకు పేర్లు ఇచ్చారు. జూలైలో పన్నెండు బండ్లు హైదరాబాద్ నుంచి లద్దాఖ్‌లోని లేహ్‌కు బయలుదేరుతాయి. క్యాన్సర్ సోకిన పేద పిల్లల చికిత్సకు సాయపడే ఒక ట్రస్టు కోసం ప్రతి జట్టూ కనీసం మూడు లక్షలు సేకరించాలి. తండ్రి చివరి నెలల్లో ఆసుపత్రి వరండాలో చూసిన పసిపిల్లల ముఖాలు మరచిపోలేక ఒప్పుకున్నానని ఆయన రాశారు.

తర్వాతి సంగతి ఆయన మాటల్లోనే: "నా స్నేహితుడు బండికి కావలసినవి ఒక జాబితా రాశాడు. కొత్త కమాన్లు, అంటే బండి బరువు మోసే ఉక్కు స్ప్రింగులు, వేసి ఎత్తు పెంచాం. పెద్ద టైర్లు, ఉక్కు బంపరు బిగించాం. ఇప్పటికి 2,80,000 అయింది. అందులో నా పొదుపు 2,10,000. సగం పెడతానన్న స్నేహితుడు 30,000 ఇచ్చాడు. వించి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం), పైకప్పు గుడారం, లైట్లకు ఇంకో 1,60,000 కావాలట. విరాళాలు 61 మంది నుంచి 1,35,000 వచ్చాయి, అన్నీ నా ఖాతాలోకే. గ్యారేజీ వాళ్లు తొందరపెడితే అందులోంచి 40,000 తాత్కాలికంగా ఇచ్చాను. అది నా భార్యకు తెలిసింది. ‘ఆ డబ్బేదో నేరుగా పిల్లలకే ఇవ్వకపోయారా’ అంది. ఆ తర్వాత పది రోజులుగా మా మధ్య మాటలు లేవు. అక్క బండి అమ్మేయమంటోంది. బండి డెబ్బై దాటితే స్టీరింగు వణుకుతోంది. అమ్మను గుడికి తీసుకెళ్దామంటే ఎత్తు ఎక్కలేకపోయింది. ‘ఇది మీ నాన్న బండి కాదురా’ అని లోపలికి వెళ్లిపోయింది. ఇంకా పది వారాలే ఉంది. వెళ్లాలా, మానాలా?"

జవాబు:

మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం మీ అమ్మగారిదే. అయితే దాని దగ్గరకు తర్వాత వస్తాను. అంతకంటే ముందు తేల్చవలసింది ఒకటుంది.

ఆ 40,000 ఈ రాత్రే తిరిగి వేయండి. మిగతా విషయాల్లో మీకు రెండు మూడు దారులు చెబుతాను, ఇందులో మాత్రం రెండో దారి లేదు. మీరు దొంగతనం చేశారని అనడం లేదు. వారంలో సర్దేస్తాననే అనుకుని ఉంటారు. కానీ ఆ 61 మంది మీ బండికి ఇవ్వలేదు. ఒక పిల్లవాడి మందులకు ఇచ్చారు. వాళ్లలో మీ ఆఫీసు క్యాంటీన్‌లో పనిచేసే అబ్బాయి ఇచ్చిన 500 కూడా ఉందని మీరే రాశారు. ఆ 500 ఇప్పుడు ఉక్కు బంపరులో ఉందా, ఖాతాలో ఉందా అని అడిగితే మీ దగ్గర జవాబు లేదు. మీ ఆవిడ మౌనం బండి మీద కోపం కాకపోవచ్చు. తన భర్త చేయి ఆ డబ్బు మీద పడిందన్న బాధ కావచ్చు.

తిరిగి వేశాక మొత్తం 1,35,000 ట్రస్టు ఖాతాకు పంపేయండి. ఎవరు ఎంత ఇచ్చారో పేర్లతో జాబితా జత చేసి, రసీదులు ఎలా ఇస్తారో వాళ్లనే అడగండి. ఇకమీదట ఎవరైనా ఇస్తామంటే నేరుగా ట్రస్టుకే పంపమనండి. ఇందులో మీ క్షేమం కూడా ఉంది. బంధువులు కాని వారి నుంచి ఏడాదిలో 50,000 దాటి వ్యక్తిగత ఖాతాలోకి వచ్చిన డబ్బును ఆదాయపు పన్ను శాఖ మీ ఆదాయంగా లెక్కగట్టే వీలుంది. అది విరాళమనీ, మీరు చేతులు మార్చారంతేననీ కాగితాలతో చూపవలసిన భారం మీదే అవుతుంది. ఇచ్చినవారికి 80జి అని అందరికీ అలవాటైన పన్ను మినహాయింపు రావాలన్నా రసీదు ట్రస్టు పేరుతోనే ఉండాలి. 2,000 మించి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు వర్తించదు. విరాళం అడిగేటప్పుడు "బండి ఖర్చు, పెట్రోలు ఖర్చు మావి, మీరిచ్చే ప్రతి రూపాయీ పిల్లలకే" అని ఒక్క మాట చేర్చి చూడండి. ఇచ్చేవారి చేయి ఇంకాస్త ముందుకు వస్తుంది.

ఇప్పుడు బండి. మీ స్నేహితుడి జాబితాను, మీరు రాసిన రోగ లక్షణాలను రాణీగంజ్‌లో నలభై ఏళ్లుగా జీపులు బాగుచేస్తున్న ఒక పెద్దాయనకు చదివి వినిపించాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "బ్రేకులు ఎప్పుడు విప్పారు?" మీ నాలుగు పేజీల్లో బ్రేకుల మాట ఎక్కడా లేదు. రేడియేటర్ కారుతోందని ఒక మూల రాశారు గానీ, దానికి ఒక్క రూపాయి ఖర్చు పెట్టినట్టు లేదు. 2,80,000 పెట్టినా, ఆ బండిని ఎత్తైన కొండ మీంచి క్షేమంగా దించే భాగాలను ఎవరూ ముట్టుకోలేదు. నాకు అన్నిటికంటే భయం కలిగించింది ఇదే.

మనాలీ నుంచి లేహ్ దారిని మీ స్నేహితుడు ఎడారి పందెంలా ఊహించుకుంటున్నట్టున్నాడు. ఆ దారిలో లారీలు తిరుగుతాయి. వేసవి నెలల్లో హిమాచల్ రోడ్డు రవాణా సంస్థ ఢిల్లీ నుంచి లేహ్‌కు మామూలు బస్సే నడుపుతుంది. అక్కడ బండిని పరీక్షించేవి వేరు. ఒకటి ఎత్తు. తంగ్‌లంగ్ లా కనుమ 5,328 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగం. మీ 1,300 సీసీ ఇంజను ఇక్కడ 80 గుర్రాల శక్తి ఇస్తే అక్కడ సుమారు సగమే మిగులుతుంది. పెద్ద టైరు వేస్తే ప్రతి గేరూ బరువెక్కుతుంది. అంటే అసలే సగం ఊపిరితో ఉన్న ఇంజనుకు మీరు ఇంకాస్త నిట్టూర్పు తెప్పిస్తున్నారు. దాని మీద వించి, ఉక్కు బంపరు, గుడారం కలిస్తే మరో ఇద్దరు మనుషులు ఎక్కినంత బరువు. గుడారం నెత్తి మీద కూర్చుంటుంది కాబట్టి మలుపుల్లో బండి ఒరుగుతుంది. టైరు పెద్దదైతే స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది, డెబ్బై అనుకుంటూ మీరు అంతకంటే వేగంగానే పోతుంటారు. వణుకు టైర్ల బ్యాలెన్సింగ్ వల్ల కావచ్చు, అరిగిన బుష్‌ల వల్ల, బేరింగుల వల్ల, ఎత్తు పెంచాక మారిన కోణాల వల్ల కావచ్చు. కారణం తేలేదాకా ఆ బండిలో మీ కూతుర్ని ఎక్కించకండి.

రెండోది దిగుడు. ఎక్కడం ఇంజను పని, దిగడం బ్రేకుల పని. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి మార్చకపోతే పొడవైన దిగుడులో వేడెక్కి మరుగుతుంది, అప్పుడు పెడల్ నేలకంటుతుంది. మీ జిప్సీలో ఇందుకోసమే ఒక మంచి సాధనం ఉంది. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందించే ఫోర్ వీల్ డ్రైవ్‌లోని లో గేరు. రాళ్లూ మట్టీ ఉన్న దిగుళ్లలో దాన్ని వేసుకుంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. తారు రోడ్డు మీద మాత్రం ఫోర్ వీల్‌లో నడపకండి. ముందు చక్రాలూ వెనక చక్రాలూ మలుపులో ఒకే వేగంతో తిరగలేవు, ఆ బిగువంతా గేర్ల మీద, షాఫ్టుల మీద పడుతుంది.

మూడోది పెట్రోలు. మనాలీ తర్వాత వచ్చే టాండి అనే ఊళ్లోని బంకు దాటితే తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని చెప్పే బోర్డు ఆ దారిలో ప్రసిద్ధి. మీ ట్యాంకు 40 లీటర్లు. కొండల్లో, బరువుతో లీటరుకు ఎనిమిది కిలోమీటర్లే వస్తుందనుకోండి. 320 దగ్గర బండి ఆగిపోతుంది. కాబట్టి గట్టి ఇనుప క్యానుల్లో పదిహేను ఇరవై లీటర్లు అదనంగా ఉండాలి, మనుషులు కూర్చునే చోట కాకుండా వెనక గట్టిగా కట్టి. వించి లేకపోయినా లేహ్ చేరతారు. ఈ క్యానులు లేకపోతే చేరరు.

పెద్దాయన చెప్పిన పని ఇది: బ్రేకులు నాలుగూ విప్పి లైనింగులు, సిలిండర్లు చూడాలి, కొత్త ఆయిల్ నింపాలి. రేడియేటర్, దాని గొట్టాలు, బెల్టు, కూలెంట్ మార్చాలి. చక్రాల బేరింగులు, స్టీరింగు జాయింట్లు, షాఫ్టుల క్రాస్‌లు, క్లచ్ ప్లేటు చూడాలి. కంపెనీ సైజు టైర్లు ఐదు, స్టెప్నీతో సహా. టైరు పక్కన నాలుగంకెల గుర్తు ఉంటుంది, మొదటి రెండు తయారైన వారం, చివరి రెండు సంవత్సరం. ఐదారేళ్లు దాటినవి మంచి గీతలతో కనిపించినా వద్దు. మీ స్నేహితుడి జాబితాలో మిగిలి ఉన్న 1,60,000 కంటే తక్కువలోనే ఈ పనంతా అయిపోతుందని ఆయన అంచనా.

చట్టం సంగతి కూడా మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ తయారుచేసిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఉక్కు బంపర్ల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017లోనే రాష్ట్రాలకు రాసింది. పాదచారికి తగిలితే అవి ప్రాణాంతకమవుతాయి.

జరిమానా కంటే పెద్ద చిక్కు బీమా. యజమాని పోయాక మూడు నెలలు, లేదా గడువు ముగిసే వరకు, ఈ రెండింటిలో ఏది ముందైతే అంతవరకే పాలసీ నిలుస్తుందని మామూలు మోటారు పాలసీల షరతు. మీరు రెండేళ్లుగా నాన్నగారి పేరుతో ప్రీమియం కడుతున్నారు. రేపు ఏదైనా జరిగితే బీమా కంపెనీ తల తిప్పుకోవడానికి అది చాలు. అంతేకాదు, పందేలకు, వేగ పరీక్షలకు, బండి సత్తువ పరీక్షించే పోటీలకు వాడితే వర్తించదని కూడా పాలసీలో రాసి ఉంటుంది. మీ యాత్ర పోటీ కాదని నిర్వాహకుల నుంచి ఒక ఉత్తరం తీసుకుని, బీమా కంపెనీకి చూపి, రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి.

బీమా మారాలంటే ఆర్‌సీ మారాలి, ఆర్‌సీ మారాలంటే మీ అక్క సంతకం కావాలి. వారసులు బండిని తమ పేరుకు మార్చుకోవడానికి ఫారం 31 ఉంది. యజమాని పోయిన 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలిపి, మూడు నెలల్లో దరఖాస్తు చేయాలని నిబంధన. మీకు ఆలస్యమైంది, దానికి తగిన రుసుము కట్టవలసి రావచ్చు. అమ్మ, అక్క తమకు అభ్యంతరం లేదని రాసివ్వాలి. అంటే మీరు 2,80,000 పెట్టి రూపం మార్చిన ఆ బండి ఇంకా మీ ఒక్కరిదే కాదు. "అమ్మేయమంటోంది" అని అక్క గురించి కాస్త విసుగ్గా రాశారు. నాన్న బండి కమాన్లు విప్పేముందు తనకు ఒక ఫోను చేసి ఉంటే ఆవిడ ఆ మాట అనేదా? ఆవిడకూ ఆయన నాన్నే. కాగితం పంపి సంతకం అడగకండి, కరీంనగర్ వెళ్లి రండి. బండి గురించి ఏమనుకుంటోందో ముందు వినండి. అమ్మాలనే ఆవిడ గట్టిగా అంటే మీ ముగ్గురిలో ఎవరు ఎంత ఇచ్చి ఉంచుకోవాలో మాట్లాడుకోవచ్చు.

ఇక వెళ్లాలా మానాలా. మీ ముందు నాలుగు దారులు కనిపిస్తున్నాయి.

జిప్సీని పాత రూపానికి తెచ్చి, ఆరోగ్యం సరిచేసి, దానిలోనే వెళ్లడం ఒకటి. కమాన్లు, టైర్లు, బంపరు తీసేస్తే పెట్టిన డబ్బులో కొంతే తిరిగి వస్తుంది. వాడిన సరుకుకు సగం ధర దొరికినా అదృష్టమే. మీ పొదుపుకు ఆ గాయం ఉంటుంది. అందుకు బదులుగా చట్టబద్ధమైన, నమ్మదగిన బండి మిగులుతుంది. దీనికి పది వారాలు సరిపోవాలంటే ఆర్‌సీ పని ఈ వారమే మొదలవ్వాలి. నా మనసు ఈ దారి వైపే ఉంది, కానీ ఆరో వారానికి మీ పేరుతో ఆర్‌సీ, బీమా చేతిలో లేకపోతే ఈ దారి వదిలేయండి. ఏమవుతుందిలే అని బయలుదేరవద్దు.

దీనిలోనే ఇంకో ముడి ఉంది. మీది పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండి. అలాంటివి ఢిల్లీ చుట్టూ ఉన్న రాజధాని ప్రాంతంలో తిరగకూడదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత అమలుపై ఉత్తర్వులు మారుతూ వచ్చాయి. బయలుదేరే ముందు తాజా స్థితి చూసుకోండి. లేదా నాగ్‌పూర్ తర్వాత 44వ జాతీయ రహదారి వదిలి, రాజధాని ప్రాంతంలోకి రాని జిల్లాల మీదుగా అంబాలా చేరండి. మిగతా పదకొండు బండ్లతో కొన్నాళ్లు విడిపోతారు, నిర్వాహకులకు ముందే చెప్పాలి.

రెండో దారి, జిప్సీని ఇంట్లో ఉంచి స్నేహితుడి కారులో వెళ్లడం. ఆయనకు మూడేళ్ల నాటి కారు ఉందని రాశారు. ఆ దారిలో మామూలు కార్లు కూడా వెళ్తాయి, నీటి ప్రవాహాలు దాటేచోట జాగ్రత్త కావాలి. మంచు కరిగి మధ్యాహ్నానికి నీరు పెరుగుతుంది కనుక పొద్దున్నే దాటాలి. 2004లో మొదలైన మంగోల్ ర్యాలీ అనే సేవాయాత్రలో అయితే చిన్న ఇంజను కార్లలోనే వెళ్లాలన్నది నియమం. సేవ కోసం పెట్టిన యాత్రకు పెద్ద బండి అవసరం లేదనడానికి అంతకంటే ఏం కావాలి? నష్టం ఏమిటంటే, నాన్న బండిలో వెళ్లాలన్న మీ కోరిక తీరదు. అది చిన్న నష్టమని నేను అనను. అలాగే తన సొంత కారును ఆ రాళ్ల మీద నడపమంటే మీ స్నేహితుడు ఏమంటారో వినడం మీకు చాలా విషయాలు చెబుతుంది.

మూడోది, ఈసారి తప్పుకుని వచ్చే ఏడాది వెళ్లడం. సేకరించింది ట్రస్టుకే చేరుతుంది కాబట్టి ఇచ్చినవారికి నిజం చెబితే చాలు. ఇల్లు కుదుటపడుతుంది. కాకపోతే వచ్చే ఏడాదికి ఈ ఉత్సాహం ఉంటుందో లేదో, అది మీకే తెలియాలి.

నాలుగోది మీ ఆవిడ చెప్పింది, నేరుగా ఇచ్చేయడం. ఆమె ప్రశ్న న్యాయమైనది, దాన్ని ఎగతాళిగా తీసుకోకండి. ఇవాళ్టి లెక్క ప్రకారం మూడు లక్షలు తేవడానికి మీరు 4,40,000 పెట్టబోతున్నారు. అయితే ఆ 61 మందిలో చాలామంది మీరు వెళ్తున్నారనే ఇచ్చారు, లేకపోతే ఆ ట్రస్టు పేరు వాళ్లకు తెలిసేది కాదు. యాత్రకు ఆ విలువ ఉంది. ఖర్చు అదుపులో ఉన్నంతవరకే ఉంది. ఆమెతో వాదించవద్దు. 40,000 తిరిగి వేసిన రసీదు, ట్రస్టుకు పంపిన రసీదు, ఇప్పటిదాకా అయిన ఖర్చు ఒక కాగితం మీద రాసి ఆమె ముందు పెట్టండి. ఇంకెంత ఖర్చు చేయవచ్చో ఆమెనే రాయమనండి. ఆ అంకె దాటవద్దు. అది సున్నా అయితే మూడో దారో నాలుగో దారో పడుతుంది, అప్పుడు మారు మాట్లాడకూడదు.

స్నేహితుడితో మాట కష్టమని తెలుసు, ఇరవై ఏళ్ల చెలిమి. "నువ్వు సరదాకు వస్తున్నావు" అని మాత్రం అనకండి, మనిషి నొచ్చుకుంటాడు. "సగం అనుకున్నాం, ఇప్పటికి ముప్పై వేలు వచ్చింది. మిగతాది ఇవ్వగలవా? వించీ గుడారం లేకుండా వస్తావా?" అని అడిగి ఊరుకోండి. వస్తానంటే సంతోషం. రాననిపిస్తే జట్టుకు మరొకరిని వెతకడానికి పది వారాలు ఉన్నాయి. పదో వారంలో తెలియడం కంటే ఇప్పుడే మేలు.

వెళ్లేటట్టయితే రెండు పనులు తప్పనిసరి. మూడేళ్లుగా బీపీ మాత్రలు వేసుకుంటున్నానని చివరి పేజీలో రాశారు. లేహ్ 3,500 మీటర్లు, దారిలో సర్చూ 4,200 దాటుతుంది. సర్చూలో కాక కిందనున్న జిస్పాలో రాత్రి ఆగండి, మీ డాక్టర్‌ను కలవకుండా అసలు బయలుదేరకండి. రెండోది, సామాను అంతా ఎక్కించి ఒకసారి శ్రీశైలం వెళ్లి రండి. అటవీ ప్రాంతంలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు బండ్లను వదలరు, కనుక తెల్లవారాక మన్ననూరు గేటు దాటండి. దోమలపెంట దాటాక డ్యామ్ దాకా దిగే ఘాట్‌లో బ్రేకులు ఎలా ఉన్నాయో, ఉష్ణోగ్రత ముల్లు ఎక్కడుందో, స్టీరింగు ఏమంటోందో మీకే తెలుస్తుంది. అక్కడ కాని బండి తంగ్‌లంగ్ లాలోనూ కాదు.

ఆ ప్రయాణానికి అమ్మను తీసుకెళ్లండి. మీ నాన్నగారు ఏటా శివరాత్రి తర్వాత ఆమెను శ్రీశైలం తీసుకెళ్లేవారని మీరే రాశారు. బండి పాత ఎత్తుకు వస్తేనే ఆమె ఎక్కగలదు. విప్పిన పాత కమాన్లు గ్యారేజీ మూలన పడి ఉన్నాయని కూడా రాశారు. తుక్కు కొనేవాడు వచ్చి తూకం వేసుకోకముందే, రేపు పొద్దున్నే వెళ్లి వాటిని ఇంటికి తెచ్చుకోండి.